ఎదురు త్రోవన నడిచిన విజ్ఞాని: హోవర్డ్ టెమిన్

మన కళాశాల వార్షిక సంచికను చేతిలోకి తీసుకున్నవారికి మొట్టమొదట కనిపించే విశేషం, దానికి రెండు ముఖపత్రాలుండటం. ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు, కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ. ఒకే గ్రంథాన్ని రెండు వైపుల నుండి చదువవచ్చుననే సంగతి మనకు ఏటేటా అనుభవంలో ఉన్నదే. కాని జీవకణమనే మహాగ్రంథాన్ని ఒక్క వైపు నుండే చదవాలని, ప్రకృతి శాసనం అదేనని జీవశాస్త్రజ్ఞులు చాలాకాలం విశ్వసించారు. ఆ గ్రంథానికి రెండవ ముఖపత్రం కూడా ఉన్నదని చెప్పి, ఆరు సంవత్సరాలపాటు వినేవారు లేకపోయినా అధైర్యపడక, చివరకు దానిని ప్రయోగపూర్వకంగా తెరిచి చూపిన మహనీయుడు హోవర్డ్ మార్టిన్ టెమిన్. ఆయన జీవితాన్ని విద్యార్థి లోకానికి పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బాల్యము, విద్యాభ్యాసము

టెమిన్ 1934 డిసెంబరు 10వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి న్యాయవాది. తల్లి పౌర వ్యవహారాలలో, ముఖ్యంగా విద్యా విషయాలలో ఆసక్తితో పాల్గొన్న వివేకవతి. ముగ్గురు సోదరులలో టెమిన్ రెండవవారు. సమాజంపట్ల తనకొక బాధ్యత ఉన్నదనే భావం ఆ ఇంట్లో మాటల్లో కాక చేతల్లో కనిపించేది. బాలునికి పదమూడవ ఏట జరిగే మతసంస్కారానికి విందు చేయడం ఆచారం. ఆ విందుకు అయ్యే ఖర్చును టెమిన్ తల్లిదండ్రులు నిరాశ్రయుల శిబిరానికి విరాళంగా ఇచ్చివేశారు. బాల్యంలో చూసిన ఆ దృశ్యం ఆయన తరువాతి జీవితానికంతటికీ ఒరవడి అయిందనిపిస్తుంది.

ఉన్నత పాఠశాలలో చదువుతున్నప్పుడే, 1949 నుండి వేసవి సెలవుల్లో, మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ పరిశోధనాలయంలో విద్యార్థులకై నడిపే శిక్షణలో ఆయన చేరారు. ఎలుకలపై జన్యుశాస్త్ర పరిశోధనకు ఆ సంస్థ పేరెన్నికగన్నది. తోటి బాలురు ఆటపాటలలో గడిపే వేసవులను ఆయన ప్రయోగశాలలో గడిపారు. 1951లో స్వార్త్‌మోర్ కళాశాలలో ప్రవేశించి, 1955లో జీవశాస్త్రంలో పట్టభద్రులయ్యారు. ఆయన మొదటి పరిశోధన పత్రం వెలువడేనాటికి వయస్సు పద్ధెనిమిదేళ్ళు మాత్రమే.

అటుపై కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో పరిశోధక విద్యార్థిగా చేరారు. మొదట పిండోత్పత్తి శాస్త్రాన్ని ఎన్నుకున్నారు గాని, కొంతకాలానికే ఆయన మనస్సు వైరస్‌ల వైపు మళ్ళింది. అక్కడ రెనాటో డల్బెకో అనే ఇటలీ దేశీయుడు జంతు వైరస్‌లను లెక్కించే నూతన పద్ధతులను రూపొందించి ప్రసిద్ధి పొందుతున్నారు. ఆయన ప్రయోగశాలలో హారీ రూబిన్ అనే యువ శాస్త్రజ్ఞుడు కోళ్ళకు క్యాన్సర్ కలిగించే ఒక వైరస్‌ను అధ్యయనం చేస్తున్నారు. టెమిన్ ఆయనతో చేయి కలిపారు. ఆ కలయికే ఆయన జీవితగమనాన్ని నిర్ణయించింది.

రౌస్ వైరస్ కథ

ఆ వైరస్‌కు అప్పటికే అర్ధశతాబ్ది చరిత్ర ఉన్నది. 1909లో ఒక రైతు రొమ్ము భాగంలో కంతి పెరిగిన కోడిపెట్టను న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థకు తీసుకువచ్చాడు. పేటన్ రౌస్ అనే వైద్య శాస్త్రజ్ఞుడు ఆ కంతిని నూరి, జీవకణాలు ఏ మాత్రం దాటలేని సన్నని వడపోతలో వడకట్టి, ఆ ద్రవాన్ని ఇతర కోళ్ళకు ఎక్కించారు. వాటికీ కంతులు లేచాయి. అంటే కణాలకంటె చిన్నదైన ఏదో పదార్థం క్యాన్సర్‌ను కలిగిస్తున్నదన్నమాట. 1911లో ఈ సంగతి ప్రకటిస్తే విజ్ఞానలోకం పెద్దగా పట్టించుకోలేదు. కోళ్ళ జబ్బుకూ మనుష్యుల జబ్బుకూ సంబంధమేమిటని తోసిపుచ్చింది. ఆ పరిశోధనకు రౌస్‌కు నోబెల్ బహుమానం లభించింది 1966లో, ఎనభైయేడేళ్ళ వయస్సులో! ఈ వైరస్ తనను నమ్ముకున్న వారికి ఓర్పును నేర్పుతుంది కాబోలు. టెమిన్‌కూ అదే పాఠం నేర్పింది.

1958లో రూబిన్, టెమిన్ కలిసి రౌస్ వైరస్‌ను లెక్కించే సులభమైన పద్ధతిని ప్రకటించారు. గాజు పళ్ళెంలో కోడిపిండపు కణాలను ఒక పలుచని పొరగా పెంచి, దానిపై వైరస్‌ను చల్లుతారు. వైరస్ సోకిన కణం తన సహజ మర్యాదను విడిచి, విచ్చలవిడిగా విభజన చెంది, ఒకదానిపై ఒకటి పేరుకున్న చిన్న గుంపుగా మారుతుంది. ఒక్కొక్క గుంపు ఒక్కొక్క వైరస్ రేణువు చేసిన పని. గుంపులను లెక్కపెడితే వైరస్‌లను లెక్కపెట్టినట్లే. అంతవరకు కోళ్ళలో గమనించవలసిన క్యాన్సర్ ఈ విధంగా గాజు పళ్ళెంలో కొద్ది రోజులలో కంటికి కనిపించే విషయమైంది.

ఆ గుంపులను సూక్ష్మదర్శినిలో పరిశీలించిన టెమిన్‌కు ఒక విచిత్రం కనిపించింది. కొన్ని గుంపులలో కణాలు గుండ్రంగాను, మరికొన్నింటిలో కదురువలె సన్నగా పొడవుగాను ఉన్నాయి. ఈ భేదానికి కారణం కోడి కాదు, వైరస్‌లోని మార్పు. కణం ఏ ఆకారం ధరించాలో వైరస్ నిర్ణయిస్తున్నది. అంతేకాదు, ఆ కణం రెండై, నాలుగై, వేలుగా విభజన చెందినా సంతతి అంతా అదే ఆకారాన్ని నిలుపుకొంటున్నది. తండ్రి ఆస్తి కుమారులకు సంక్రమించినట్లు వైరస్ ఇచ్చిన ఆజ్ఞ తరతరాలకు సంక్రమిస్తున్నది. మరి ఆ ఆజ్ఞ కణంలో ఎక్కడ, ఏ రూపంలో భద్రపడి ఉన్నది? ఈ ప్రశ్న ఆయనను పదేళ్ళకు పైగా వెంటాడింది.

ఒంటరి ఆరేళ్ళు

ఆ ప్రశ్న ఎందుకు క్లిష్టమైనదో తెలుసుకోవాలంటే ఒక మూలసూత్రాన్ని స్మరించాలి. కణంలో వంశపారంపర్య సమాచారం డి.ఎన్.ఎ. అనే కేంద్రకామ్లంలో వ్రాసి ఉంటుంది. దాని నుండి ఆర్.ఎన్.ఎ. అనే మరొక కేంద్రకామ్లం నకలుగా తయారవుతుంది. ఈ నకలు వ్రాతకు అనులేఖనమని పేరు. ఆ నకలును అనుసరించి ప్రోటీన్లు తయారవుతాయి. ఇది ఒక భాష నుండి మరొక భాషలోనికి జరిగే అనువాదం వంటిది. ఈ క్రమాన్ని 1958లో ఫ్రాన్సిస్ క్రిక్ జీవశాస్త్రానికి కేంద్ర సిద్ధాంతంగా ప్రతిపాదించారు. నిజానికి, ప్రోటీనులోనికి చేరిన సమాచారం తిరిగి వెనుకకు రాదనేదే క్రిక్ చేసిన ముఖ్యమైన నిషేధం. ఆర్.ఎన్.ఎ. నుండి డి.ఎన్.ఎ. ఏర్పడడాన్ని ఆయన అసంభవమనలేదు. కాని పాఠ్యగ్రంథాలలోనికి దిగేసరికి ఆ సూత్రం మరింత బిగుసుకుపోయి, డి.ఎన్.ఎ. నుండి ఆర్.ఎన్.ఎ., దాని నుండి ప్రోటీను అనే ఏకముఖ మార్గంగా స్థిరపడింది. సూత్రకర్త చెప్పినదానికంటె వ్యాఖ్యాతలు చెప్పినదే ఎక్కువ ప్రచారం పొందడం మన శాస్త్రాలలోనూ ఉన్నదే కదా!

రౌస్ వైరస్‌లోని కేంద్రకామ్లం ఆర్.ఎన్.ఎ. మాత్రమే. పోలియో వైరస్‌లోనూ అంతే. పోలియో వైరస్ తన ఆర్.ఎన్.ఎ. నుండి నేరుగా మరిన్ని ఆర్.ఎన్.ఎ. ప్రతులను తీసుకొంటుంది. రౌస్ వైరస్ కూడా అలాగే చేస్తుందని అందరూ అనుకున్నారు. అలా అయితే దాని ఆజ్ఞ కణ సంతతికి తప్పకుండా చేరడం ఎట్లా? వంశానుగతంగా నిలిచే సమాచారమంతా డి.ఎన్.ఎ.లోనే ఉంటుంది కదా!

1960లో టెమిన్ మాడిసన్ నగరంలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, మెకార్డిల్ క్యాన్సర్ పరిశోధనాలయంలో ఉపాధ్యాయుడుగా చేరారు. ఆయనకు కేటాయించిన మొదటి ప్రయోగశాల భూగర్భంలో ఉండేది. కణాలను పెంచే గదిలో నేలలోని నీరు చేరే గుంట, రసాయన ప్రయోగాల గది గుండా భవనానికంతటికీ ఆవిరి మోసే గొట్టాలు. ఆ నేలమాళిగలోనే చరిత్రాత్మకమైన ఆలోచన రూపుదిద్దుకుంది. 1962లో ఆయన వివాహం రేలా గ్రీన్‌బర్గ్‌తో జరిగింది. ఆమె కూడా జన్యుశాస్త్రవేత్తే. వారికి ఇద్దరు కుమార్తెలు.

ఆ రోజుల్లో ఆక్టినోమైసిన్-డి అనే ఔషధాన్ని ఉపయోగించి టెమిన్ ఒక ప్రయోగం చేశారు. ఆ ఔషధం డి.ఎన్.ఎ.ను అంటిపట్టుకొని, దాని నుండి ఆర్.ఎన్.ఎ. నకలు తయారుకాకుండా అడ్డుకొంటుంది. పోలియో వంటి వైరస్‌లకు డి.ఎన్.ఎ.తో పని లేదు గనుక ఆ ఔషధం వాటిని బాధించదు. రౌస్ వైరస్ మాత్రం ఆ ఔషధం తగలగానే ఉత్పత్తిని ఆపివేసింది. అంటే ఈ ఆర్.ఎన్.ఎ. వైరస్ ఏదో ఒక దశలో డి.ఎన్.ఎ. రూపాన్ని ధరిస్తున్నదని టెమిన్ అనుమానించారు. వైరస్ సోకిన తొలి గంటలలో డి.ఎన్.ఎ. తయారీని నిరోధిస్తే కణం క్యాన్సర్‌గా మారడం లేదని కూడా తేలింది. ఈ ఆధారాలను పురస్కరించుకొని 1964లో ఆయన ప్రోవైరస్ సిద్ధాంతాన్ని ప్రకటించారు. వైరస్‌లోని ఆర్.ఎన్.ఎ. కణంలో ప్రవేశించి డి.ఎన్.ఎ.గా మారుతుందనీ, ఆ డి.ఎన్.ఎ. కణపు క్రోమోజోములలో కలిసిపోయి ప్రోవైరస్‌గా నిలుస్తుందనీ, దాని నుండే మళ్ళీ వైరస్ ఆర్.ఎన్.ఎ. పుడుతుందనీ ఆ సిద్ధాంత సారాంశం.

విజ్ఞానలోకం దానిని విని ఊరకుంది. ఆక్టినోమైసిన్ కణాన్నే విషపూరితం చేసి ఉండవచ్చుననీ, అందువల్ల వైరస్ ఆగిపోయి ఉండవచ్చుననీ కొందరన్నారు. వైరస్ ఆర్.ఎన్.ఎ.కు జోడుగా అమరే డి.ఎన్.ఎ. సోకిన కణాలలో ఉన్నదని చూపడానికి టెమిన్ చేసిన సంకరణ ప్రయోగాలలో ఫలితం చాలా స్వల్పంగా కనిపించింది. అది పొరపాటు పరిధిలోనిదేనని మరికొందరు త్రోసివేశారు. విమర్శకులను నిందించడం న్యాయం కాదు. ఆనాటి ఆధారాలు నిజంగానే బలహీనమైనవి. టెమిన్ గొప్పతనం, ఆ బలహీనతను తానూ గుర్తించడంలో ఉన్నది. ఆయన వాదులాటకు దిగలేదు, మనస్తాపంతో విషయాన్ని మార్చుకోనూ లేదు. మరొక ప్రయోగం, ఇంకొక ప్రయోగం అంటూ ఆరేళ్ళు గడిపారు. ఆలోచన సరియైనదయినా నిరూపణ సరిపోకపోతే, సరిపోయే నిరూపణను వెదకడం శాస్త్రజ్ఞుని విధి అని ఆయన ఆచరించి చూపారు.

1970: తలుపు తెరుచుకున్న సంవత్సరం

1969 చివరలో జపాను దేశం నుండి వచ్చిన సతోషి మిజుతానీ సహకారంతో టెమిన్ ప్రయోగాలు కొత్త మలుపు తిరిగాయి. కణంలో కొత్త ప్రోటీన్ల తయారీని పూర్తిగా నిలిపివేసినా, వైరస్ సోకిన తరువాత దాని డి.ఎన్.ఎ. ఏర్పడుతూనే ఉన్నదని వారు గమనించారు. ఏ రసాయన క్రియకైనా ఎంజైము కావాలి. ఎంజైము అంటే ప్రోటీను. కొత్త ప్రోటీను తయారు కాకుండానే పని జరుగుతున్నదంటే, ఆ ఎంజైము ముందే ఉండి ఉండాలి. బహుశా వైరస్ రేణువే తన మూటలో దానిని వెంట తెచ్చుకొంటున్నదేమో! మశూచికి దగ్గర బంధువైన వాక్సీనియా వైరస్‌లో 1967లోనే ఇటువంటి స్వంత ఎంజైము బయటపడి ఉండటం వారికి ధైర్యాన్నిచ్చింది.

ప్రయోగం చూడబోతే ఎంతో సరళమైనది. శుద్ధిచేసిన రౌస్ వైరస్ రేణువుల పైపొరను సబ్బు వంటి ద్రావణంతో సడలించారు. డి.ఎన్.ఎ. నిర్మాణానికి కావలసిన నాలుగు మూలపదార్థాలను చేర్చారు. వాటిలో ఒకదానికి రేడియోధార్మిక గుర్తు పెట్టారు. కొంతసేపు వెచ్చగా ఉంచిన తరువాత చూస్తే, ఆ గుర్తు పెద్ద అణువులలోనికి చేరింది. ఆ కొత్త అణువులను డి.ఎన్.ఎ.ను ఛేదించే ఎంజైము నాశనం చేసింది గనుక అవి డి.ఎన్.ఎ.యే. ముందుగానే వైరస్ ఆర్.ఎన్.ఎ.ను ధ్వంసం చేస్తే క్రియ కుంటుపడింది గనుక దానికి మూలప్రతి ఆర్.ఎన్.ఎ.యే. ఆరేళ్ళ వివాదానికి ఒక పరీక్షనాళికలో సమాధానం దొరికింది.

1970 మేలో హ్యూస్టన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ క్యాన్సర్ మహాసభలో టెమిన్ ఈ సంగతి వెల్లడించారు. అదే సమయంలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో డేవిడ్ బాల్టిమోర్ ఎలుకల ల్యుకేమియా వైరస్‌పై స్వతంత్రంగా పనిచేసి అదే నిర్ణయానికి వచ్చారు. ఇద్దరి పత్రాలూ జూన్ 27వ తేదీ నేచర్ పత్రికలో ఒకదాని వెంట ఒకటి వెలువడ్డాయి. ఆర్.ఎన్.ఎ.ను ఆధారం చేసుకొనే డి.ఎన్.ఎ. పాలిమరేజ్ అని వారు పేర్కొన్న ఆ ఎంజైముకు లోకంలో స్థిరపడిన పేరు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్. మనం విలోమ అనులేఖన ఎంజైము అనవచ్చు. అది కలిగిన వైరస్‌లకు రెట్రోవైరస్‌లని పేరు వచ్చింది. ఆ సంవత్సరమే క్రిక్ తన సిద్ధాంతాన్ని వివరిస్తూ మరొక వ్యాసం వ్రాసి, ఈ మార్గానికి అందులో చోటున్నదని స్పష్టపరిచారు. 1972లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు వైరస్ సోకిన కణాల నుండి డి.ఎన్.ఎ.ను మాత్రమే తీసి ఆరోగ్యకరమైన కణాలకు అందిస్తే, వాటి నుండి సంపూర్ణ వైరస్ పుట్టుకు వచ్చింది. ప్రోవైరస్ ఉన్నదా లేదా అనే సందేహానికి అంతటితో తెరపడింది.

ప్రోటీను, కేంద్రకామ్లము: పట్టు రహస్యం

ఈ వైరస్ తన చిన్న సంసారాన్ని ఎట్లా నడుపుకొంటున్నదో తెలుసుకోవడం విద్యార్థులకు ఉల్లాసకరంగా ఉంటుంది. దాని జీవితమంతా ప్రోటీన్లు కేంద్రకామ్లాలను పట్టుకోవడంలోనే ఉన్నది. ముఖ్యంగా మూడు పట్టులున్నాయి.

మొదటిది మూటకట్టే పట్టు. వైరస్ రేణువు తయారయ్యేటప్పుడు కణంలో వేల రకాల ఆర్.ఎన్.ఎ.లు ఉంటాయి. వాటి నడుమ నుండి తన ఆర్.ఎన్.ఎ.నే ఎంచుకొని, రెండు ప్రతులు లోపల పెట్టుకోవాలి. ఈ ఎన్నిక చేసేది న్యూక్లియోకాప్సిడ్ అనే ప్రోటీను భాగం. ఎయిడ్స్ వైరస్‌లో ఇది 55 ఎమినో ఆమ్లాల చిన్న గొలుసు. దానిలో ధనవిద్యుదావేశం గల ఎమినో ఆమ్లాలు మెండు. కేంద్రకామ్లపు వెన్నెముక ఋణావేశం గలది. కాబట్టి రెండూ సహజంగానే ఆకర్షించుకొంటాయి. కాని ఈ ఆకర్షణ ఏ ఆర్.ఎన్.ఎ.తోనైనా ఉంటుంది. తనవారెవరో గుర్తించడానికి ఆ ప్రోటీనులో జింకు లోహపు పరమాణువు చుట్టూ ముడివేసుకున్న రెండు వ్రేళ్ళవంటి భాగాలున్నాయి. వైరస్ ఆర్.ఎన్.ఎ. ఆరంభంలో మడతలు పడి నిలిచిన ఒక ప్రత్యేక భాగంలో పైకి కనిపించే గ్వానిన్ అక్షరాలను ఆ వ్రేళ్ళు తడిమి పట్టుకొంటాయి. పక్షుల రెట్రోవైరస్ ఒకదానిలో మూటకట్టే ఈ ముద్ర ఎక్కడున్నదో 1982లో గుర్తించి ప్రకటించినవారిలో టెమిన్ ఒకరు.

రెండవది నకలు వ్రాసే పట్టు. విలోమ అనులేఖన ఎంజైము తానుగా వ్రాత ప్రారంభించలేదు, దానికొక ఓనమాలు కావాలి. అందుకు వైరస్ కణంలోని రవాణా ఆర్.ఎన్.ఎ.నొకదానిని అరువు తెచ్చుకొంటుంది. దాని కొసలోని 18 అక్షరాలు వైరస్ ఆర్.ఎన్.ఎ.లోని జోడు అక్షరాలతో అతుక్కొంటాయి. ఈ జోడింపు సులభతరం చేసేదీ న్యూక్లియోకాప్సిడ్ ప్రోటీనే. అక్కడ నుండి ఎంజైము డి.ఎన్.ఎ. వ్రాసుకుంటూ పోతుంది. 1992లో ఈ ఎంజైము నిర్మాణం ఎక్స్-కిరణాల ద్వారా బయటపడినప్పుడు అది కుడి చేతిని పోలి ఉన్నదని తేలింది. వ్రేళ్ళు, అరచేయి, బొటనవ్రేలు! ఆ పిడికిలిలో కేంద్రకామ్లం ఇమిడి ఉండగా, అరచేతిలో కొత్త అక్షరం చేరుతుంది. వ్రాత ముగిసిన ఆర్.ఎన్.ఎ. భాగాన్ని ఆ ఎంజైములోని మరొక భాగం వెనుకనే చెరిపివేస్తుంది. అయితే ఈ లేఖకునికి చిత్తుప్రతిని సరిదిద్దే అలవాటు లేదు. పదివేల నుండి లక్ష అక్షరాలకొక తప్పు దొర్లుతుంది. ఆ తప్పులే వైరస్‌కు రక్ష. మన శరీరపు కావలివారు గుర్తించేలోగా అది వేషం మార్చుకొంటుంది. 1990 ప్రాంతంలో ఈ తప్పుల రేటును ఒక్క తరంలోనే కొలిచే ఉపాయాన్ని టెమిన్ ప్రయోగశాల రూపొందించింది.

మూడవది కలిపి కుట్టే పట్టు. తయారైన డి.ఎన్.ఎ. రెండు కొసలనూ ఇంటెగ్రేజ్ అనే ప్రోటీను పట్టుకొని, ఒక్కొక్క కొస నుండి రెండేసి అక్షరాలను కత్తిరించి, కణపు క్రోమోజోములో అతికిస్తుంది. అటుపై వైరస్ మన గ్రంథంలో మన వ్రాతగానే చెలామణి అవుతుంది. మానవ జన్యుసంపదలో సుమారు నూటికి ఎనిమిది పాళ్ళు ఇటువంటి ప్రాచీన రెట్రోవైరస్‌ల అవశేషాలేనని తరువాత తేలింది. టెమిన్ 1964లో ఊహించిన ప్రోవైరస్ మన పూర్వీకుల కాలం నుండి మనలోనే ఉన్నదన్నమాట!

స్టాక్‌హోమ్ సభలో

1975లో టెమిన్, బాల్టిమోర్, వారిద్దరికీ మార్గదర్శకుడైన డల్బెకో - ముగ్గురికీ కలిపి వైద్యశాస్త్ర నోబెల్ బహుమానం ప్రకటించారు. బహుమాన ప్రదానం జరిగిన డిసెంబరు 10వ తేదీ టెమిన్ నలభైయొకటవ జన్మదినం కావడం ఒక చిత్రమైన సంఘటన. ఆ ఉత్సవంలో మర్యాదకు రెండు మాటలు చెప్పి ఊరకుంటే సరిపోయేది. కాని ఆయన, క్యాన్సర్‌ను నివారించడానికి మనుష్యుల చేతిలో ఉన్న ముఖ్యమైన ఉపాయం పొగత్రాగడం మానివేయడమేననీ, దానిని ఇంకా విస్తృతంగా పాటించకపోవడం తనకు ఆగ్రహం కలిగిస్తున్నదనీ సభాముఖంగానే చెప్పివేశారు. వైభవోపేతమైన విందులో అటువంటి మాట చెప్పడానికి కొంత తెగువ కావాలి.

మరొక విషయంలో కూడా ఆయన నిజాయితీ మెచ్చదగినది. ఎంజైము కనుగొన్న నాటి నుండి క్యాన్సర్ మూలం దొరికిందనీ, వైరస్‌ను తొలగిస్తే క్యాన్సర్ తొలగిపోతుందనీ పత్రికలలో ఆశలు రేగాయి. తన పరిశోధనకే కీర్తి తెచ్చే ఆ ఆశను టెమిన్ స్వయంగా తగ్గించారు. మానవుల క్యాన్సర్‌లలో అధిక భాగానికి అంటువ్యాధి వైరస్‌లు కారణం కావని తాను భావిస్తున్నట్లూ, అయినా క్యాన్సర్ కలిగే తీరును అర్థం చేసుకోవడానికి అవి నమూనాలుగా ఉపకరిస్తాయనీ నోబెల్ ఉపన్యాసంలో వివరించారు. అది నిజమైంది. రౌస్ వైరస్‌లోని క్యాన్సర్ జన్యువు అసలు కోడి కణం నుండి వైరస్ అపహరించినదేనని బిషప్, వార్మస్ బృందం 1976లో చూపి, 1989లో నోబెల్ బహుమానం పొందారు.

కీర్తి వచ్చిన తరువాత కూడా ఆయన మాడిసన్ విడిచిపోలేదు. మెండోటా సరస్సు ఒడ్డున సైకిలుపై ప్రయోగశాలకు వెళ్ళివచ్చే అలవాటును మానలేదు. 1976లో సోవియట్ దేశానికి వెళ్ళి, దేశం విడిచిపోవడానికి అనుమతి కోరినందుకు ఉద్యోగాలు పోగొట్టుకున్న యూదు శాస్త్రజ్ఞులను కలిసి ధైర్యం చెప్పారు. 1992లో అమెరికా ప్రభుత్వం ఆయనకు జాతీయ విజ్ఞాన పతకాన్ని ఇచ్చి గౌరవించింది.

ఫలితాలు

1983లో ఎయిడ్స్ వైరస్ పారిస్ నగరంలోని పాశ్చర్ సంస్థలో బయటపడినప్పుడు, అది రెట్రోవైరస్ అని గుర్తించడానికి తోడ్పడినది దానిలోని విలోమ అనులేఖన ఎంజైమే. టెమిన్ పరిశోధనే లేకుంటే ఆ మహమ్మారి వచ్చిననాడు వైద్యలోకం చీకటిలో తడుముకొనేది. 1986లో ఆ వైరస్‌కు హెచ్.ఐ.వి. అనే పేరు ప్రతిపాదించిన అంతర్జాతీయ సంఘంలో టెమిన్ కూడా సభ్యులు. 1987లో వాడుకకు అనుమతి పొందిన మొదటి ఔషధం ఎ.జెడ్.టి. పనిచేసేది ఆ ఎంజైము పిడికిలిలోనే. అది డి.ఎన్.ఎ. అక్షరాన్ని పోలిన కపటాక్షరం. ఎంజైము మోసపోయి దానిని గొలుసులో చేరుస్తుంది. కాని తరువాతి అక్షరాన్ని తగిలించడానికి కావలసిన కొక్కెం దానికి లేదు, కనుక వ్రాత అక్కడితో ఆగిపోతుంది. ఈ పదార్థాన్ని క్యాన్సర్ మందుగా మొదటిసారి తయారుచేసినది 1964లో. ప్రోవైరస్ సిద్ధాంతం వెలువడిన సంవత్సరమూ అదే! ఒకదానికొకటి తెలియని రెండు ప్రయత్నాలు ఇరువదిమూడేళ్ళ తరువాత రోగి పడక దగ్గర కలుసుకున్నాయి. తరువాతి కాలంలో ఈ తరగతి ఔషధాలను తయారుచేసి దేశదేశాలకు పంపిన కర్మాగారాలలో మన హైదరాబాదు ప్రాంతపువి కూడా ఉండటం మనకు సంతోషదాయకం.

2020లో కరోనా వచ్చినప్పుడు ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వైరస్‌లో ఉన్నదీ ఆర్.ఎన్.ఎ.యే. దానిని ముందుగా డి.ఎన్.ఎ.గా మార్చి, తరువాత కోట్లాది ప్రతులుగా పెంచి గుర్తించారు. ఆర్.టి.పి.సి.ఆర్. అనే ఆ పేరులోని మొదటి రెండు అక్షరాలు టెమిన్, బాల్టిమోర్‌లు కనుగొన్న క్రియకు చెందినవే. 1964లో ఎవరూ నమ్మని మాట, 2020లో మన ఊరి ఆసుపత్రిలో చీటీపై వ్రాసే మాట అయింది.

తుది దినాలు

జీవితంలో ఎన్నడూ పొగత్రాగని టెమిన్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్ సోకింది. పొగతో సంబంధం లేకుండా కూడా వచ్చే రకపు వ్యాధి అది. తాను యావజ్జీవం ఎవరి రహస్యాన్ని వెదికారో ఆ శత్రువే చివరకు ఆయనను కబళించింది. 1994 ఫిబ్రవరి 9వ తేదీన మాడిసన్‌లో, ఏబదితొమ్మిదేళ్ళ వయస్సులో ఆయన కన్నుమూశారు. ఆయన సైకిలుపై తిరిగిన సరస్సు ఒడ్డు బాటకు ఆయన పేరు పెట్టారు.

విద్యార్థినీ విద్యార్థులారా! టెమిన్ జీవితాన్ని చదివి, లోకమంతా కాదన్నదానిని పట్టుకొని కూర్చుంటే చాలు, గొప్పవారమవుతామని పొరబడవద్దు. లోకం కాదన్న మాటలలో అధిక భాగం నిజంగానే పొరపాట్లు. టెమిన్‌ను వేరుగా నిలిపినది మొండితనం కాదు. తన మాటకు తగిన ఆధారం లేదని ఇతరులన్నప్పుడు, ఆ మాటలోని న్యాయాన్ని అంగీకరించి, అటువంటి ఆధారం కోసం నీరు చేరే నేలమాళిగలో సంవత్సరాల తరబడి శ్రమించడం. నిరూపణ లభించిన తరువాత, దానికి మించి ఒక్క మాటైనా అధికంగా చెప్పకపోవడం. మన కళాశాల ప్రయోగశాలలో కూడా గదులు చాలవు, పరికరాలు చాలవు. ఆ కొరతను కళాశాల కమిటీ పెద్దలు క్రమక్రమంగా తీర్చగలరని ఆశిద్దాం. అంతవరకు, గొప్ప ఆలోచనకు గొప్ప భవనమే కావలసిన పని లేదని ఆ నేలమాళిగ మనకు గుర్తుచేస్తూనే ఉంటుంది. ఈ సంచికను ఏ వైపు నుండి తెరిచి చదివే విద్యార్థి అయినా ఆ ఓర్పును, ఆ సత్యనిష్ఠను అలవరచుకుంటే ఈ వ్యాస ప్రయోజనం నెరవేరినట్లే.